పడవని పలకరించే పద్ధతి

బర్మా నుంచి పిల్ల వస్తోందన్న కబురు మా ఊళ్ళో పది రోజుల ముందే తిరిగింది. ఏప్రిల్ నెలాఖరు. వేట నిషేధం పెట్టి, ఇంజను పడవలన్నీ ఒడ్డుకి లాగేసిన రోజులు. మగవాళ్ళకి పని లేదు, పిల్లలకి బడి లేదు. అందుకని మా తమ్ముడు ధనరాజు పలాస స్టేషను నుంచి ఆ పిల్లని ఆటోలో తెచ్చే వేళకి మా వీధి అరుగుల మీద కూర్చోడానికి చోటు లేదు.

చూడబోయేది విదేశీ పిల్లనని అందరూ గట్టిగా అనుకున్నారు. కళ్ళు గీతల్లా ఉంటాయని ఒకరన్నారు. అన్నం పుల్లలతో తింటుందని ఇంకొకరన్నారు. ఎదురింటి ఈశ్వరి అయితే ఆ పిల్లతో మాట్లాడటానికి ఇంగ్లీషులో రెండు మాటలు కూడా సిద్ధం చేసుకుంది.

ఆటోలోంచి దిగిన పిల్ల నల్లగా, సన్నగా, నూనె రాసి బిగించిన జుట్టుతో అచ్చం మా అమ్మలా ఉంది. నుదురూ అదే, నడకా అదే. బుగ్గల మీద మాత్రం ఏదో పసుప్పచ్చటి పూత. ప్రయాణంలో ఎండి బీటలు వారింది.

"వాట్ నేమ్?" అంది ఈశ్వరి.

"కూర్మమ్మ," అంది పిల్ల. "బాగున్నారా అత్తా? కూడు తిన్నారా?"

ఈశ్వరి పక్కావిడ మొహం వంక చూసింది. మా ఊళ్ళో ఆ పేరు గలవాళ్ళు ముగ్గురున్నారు. ముగ్గురిలో చిన్నావిడకి అరవై ఎనిమిదేళ్ళు.

ధనరాజు కూతురు శ్రావణి గడపలో నిలబడి ఉంది. పదకొండేళ్ళది. అప్పటిదాకా ఆ ఇంట్లో ఒక్కతే పిల్ల. కొత్తదాన్ని కాళ్ళ దగ్గర్నుంచి తల దాకా చూసి, "నానా, బర్మా నుంచి పిల్లని తెస్తానని ముసిల్దాన్ని తెచ్చినావేటి?" అంది.

మా అమ్మ బుల్లమ్మకి సొంత చిన్నాన్న ఒకాయన వెనకటి రోజుల్లో ఓడెక్కి బర్మా వెళ్ళి ధాన్యం మిల్లులో బస్తాలు మోశాడు. వెళ్ళినవాళ్ళలో కొందరు తిరిగొచ్చారు, ఆయన రాలేదు. ఆయన పిల్లలు అక్కడే పెరిగారు, అక్కడి మనవాళ్ళనే పెళ్ళాడారు, ఇంట్లో మన మాటే మాట్లాడుకున్నారు. మొదట్లో ఉత్తరాలు వచ్చేవి, తరవాత ఫోన్లు. అక్కడి గొడవల్లో ఒక ఇల్లు ఇల్లంతా పోయి ఈ పిల్ల ఒక్కతే మిగిలిందని తెలిసినప్పుడు మా అమ్మ మూడు రోజులు గంజి కూడా ముట్టలేదు. నాలుగో రోజున ధనరాజూ, వాడి భార్య అరుణశ్రీ పిల్లని దత్తత తీసుకుంటామన్నారు. కాగితాలకి రెండేళ్ళు పట్టింది.

నేను ధనరాజుకి అన్నని. పేరు ఎర్రన్న. పెళ్ళి చేసుకోలేదు. అదే ఇంటి వెనక పాకలో ఉంటాను. వలలు బాగు చేస్తాను.

మర్నాడు పొద్దున్న మా అమ్మ కూర్మమ్మకి తల దువ్వుతూ, చూడ్డానికొచ్చిన ఆడవాళ్ళతో, "మా ఇంటికి పెద్దపిల్ల వచ్చీసినాది," అంది.

శ్రావణి తింటున్న ఇడ్లీ పళ్ళెంలో పడింది.

"పెద్దపిల్లని నాను కదా మామ్మా?"

"నీకు పదకొండే. దానికి పన్నెండు దాటి రెండు నెలలైనాది."

"అది నిన్న వచ్చినాది!"

"నిన్న వస్తే వయసు తగ్గిపోతాదేటే? ఇకమీదట దాన్ని అప్పా అని పిలు."

అప్ప అంటే మా వైపు అక్క. శ్రావణి పిలవలేదు. పళ్ళెం అక్కడే వదిలేసి నా పాకకి వచ్చింది. ఏ సంగతైనా నాకే చెబుతుంది. అంతా ఎందుకు చెబుతావే అని వాళ్ళమ్మ అడిగితే, "పెద్నానకి సెప్తే వలకి సెప్పినట్టే, ఎక్కడికీ ఎల్లదు," అంటుంది.

"పెద్నానా, కొత్త పడవ మీద సెయ్యి ఎవలేస్తారు?"

"పెద్దపిల్ల."

"ఏ పెద్దపిల్ల?"

నేను ముడి బిగించాను.

ఇది మా ఇంటి పద్ధతి. కొత్త పడవ మొదటిసారి నీళ్ళలోకి దిగే ముందు ఇంటి పెద్దకూతురు పడవ ముక్కు మీద పసుపు చెయ్యి అద్దుతుంది. ఆ పసుపు రెండు వేటలకే కడుక్కుపోతుంది. కానీ ఎవరి చెయ్యి పడితే ఆ పడవకి ఊళ్ళో ఆ పేరే నిలుస్తుంది. మా పాత పడవకి నమోదు కాగితాల్లో ఏవో అంకెలున్నాయి, వాటిని ఎవరూ అనలేదు. పాతికేళ్ళ కిందట మా చెల్లెలు రాజకుమారి చెయ్యి అద్దింది కాబట్టి అది రాజకుమారి పడవ. పెళ్ళై చెల్లెలు వెళ్ళిపోయాక కూడా రాజకుమారి పడవే. మూడేళ్ళ కిందటి తుఫానులో దాని నడుం విరిగింది. ఇప్పుడు ఒడ్డున బోర్లా పడుంది. విరిగిన రోజున ధనరాజు తల పట్టుకుని కూర్చుంటే, ఎనిమిదేళ్ళ శ్రావణి ఒక్కతే ఆనందంగా ఉంది. ఇక వచ్చేది శ్రావణి పడవ.

"ఊరంతా కూర్మమ్మ పడవ, కూర్మమ్మ పడవ అంటా ఉంటే నాను ఇనలేను పెద్నానా. పాతపట్నం ఎల్లిపోయి సంతలో ఎండుసేపలు అమ్ముకుని బతికీస్తాను."

పాతపట్నం వారం సంతకి మా అమ్మ ఎండుచేపల గంపతో వెళుతుంది. శ్రావణికి ఊరు వదిలిపోవడమంటే అదే తెలుసు.

మూడో రోజుకి ఎండుచేపల ఆలోచన మానేసి కొత్త ఉపాయంతో వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"పెద్దపిల్ల అంటే ఎంత కట్టమో తెలిస్తే అదే వద్దంటాది పెద్నానా. నాను పెద్దపిల్లగా ఉండనని దాని నోటితో అదే సెప్పాల."

ఇంజను లేని తెప్పలకి నిషేధం లేదు. వాటి వలల్లో పడిన నెత్తళ్ళ చేపల్ని మా అమ్మ ఇసక మీద పాత వల పరిచి ఆరబెడుతుంది. ఎండలో కూర్చుని కాకుల్ని తోలడం శ్రావణి పని. శ్రావణికి ఆ పనంటే కాకుల కన్నా మంట. ఆ పొద్దున్న కర్ర తీసుకెళ్ళి కూర్మమ్మ చేతిలో పెట్టింది.

"నీకు తెల్దు గావాల. మా ఊళ్ళో పెద్దపిల్లే కాకుల్ని తోలాల. పద్ధతి."

"అలగా?" అంది కూర్మమ్మ.

కర్ర తీసుకుని వెళ్ళి కూర్చుంది. వెళ్ళే ముందు శ్రావణి మొహం వంక అవసరమైన దానికన్నా కొంచెం ఎక్కువసేపు చూసింది. ఆ చూపు నేను చూశాను. శ్రావణి చూడలేదు, అప్పటికే గంతులేస్తూ నీడకి వచ్చేసింది.

ఆ వారంలో మా ఊరికి చాలా పద్ధతులు వచ్చాయి. కూరలో చేప తలకాయ చిన్నపిల్లకే వెళ్ళాలి. చిన్నపిల్లకి పెద్దపిల్ల రెండు జడలు వెయ్యాలి, కుదరకపోతే విప్పి మళ్ళీ వెయ్యాలి. కుళాయి దగ్గర బిందె పెద్దపిల్ల మొయ్యాలి. ఇద్దరూ కలిసి ఒడ్డుకి వెళితే చిన్నపిల్ల చెప్పులు పెద్దపిల్ల చేత్తో పట్టుకురావాలి. ప్రతిదానికీ కూర్మమ్మ "అలగా?" అనేది, చేసేది. చెప్పులు పట్టుకుని వెనకాల నడిచేటప్పుడు కూడా ఏదో పండగకి వెళుతున్నట్టే నడిచేది.

కంచంలోంచి తలకాయ తీసి శ్రావణి కంచంలో వేస్తుంటే అరుణశ్రీ, "అదేటే కూర్మమ్మా, నువ్వు తినవా?" అంది.

"పద్ధతి కదమ్మా," అంది.

అరుణశ్రీ అత్తగారి వంక చూసింది. బర్మాలో అలా ఉందేమోనని మా అమ్మ ఊరుకుంది. శ్రావణి తలకాయ చప్పరిస్తూ తల ఎత్తలేదు.

కూర్మమ్మకి తీరిక దొరికితే తన సంచిలోంచి ఒక చెక్కముక్కా, చిన్న సానరాయీ తీసి, నీళ్ళు చల్లి, అరగదీసి బుగ్గలకి పూసుకునేది. ఒక పాత నోటు పుస్తకంలో ఏదో రాసుకునేది. నేను ఒకసారి వంగి చూశాను. గుండ్రంగా, మన అక్షరాలకి పిన్ని కూతుళ్ళలా ఉన్నాయి, ఒక్కటీ చదవడానికి రాలేదు.

తొమ్మిదో రోజుకి శ్రావణి దగ్గర పద్ధతులు అయిపోయాయి. కూర్మమ్మ మాత్రం పెద్దపిల్లగానే ఉంది. శ్రావణి ఇసక మీద కాళ్ళు ఈడ్చుకుంటూ పోతుంటే బోర్లా పడున్న పాత పడవ కనిపించింది. ఆగింది.

"కూర్మమ్మా! అసలైంది సెప్పడం మర్సిపోనాను. రోజూ పొద్దున్నే పెద్దపిల్ల పడవ కాడికెల్లి పలకరించాల. బాగున్నావా, కూడు తిన్నావా అని. గట్టిగా అడగాల, అందరికీ ఇనబడాల. జవాబు వచ్చీదాకా నిలబడాల."

"పడవ పలుకుతాదేటి?"

"పలకదు. అందుకే శానాసేపు నిలబడాల."

"అలగా?" అంది కూర్మమ్మ.

మర్నాడు పొద్దున్న ఒడ్డున మగవాళ్ళందరం వలలు ముందేసుకుని కూర్చున్నాం. కూర్మమ్మ తల స్నానం చేసి, బుగ్గలకి పూత పూసుకుని, నడుం విరిగిన రాజకుమారి పడవ ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"బాగున్నావా? కూడు తిన్నావా?"

కెరటాల మీదుగా కూడా వినబడేలా అడిగింది. వలలు అల్లే చేతులన్నీ ఆగిపోయాయి. శ్రావణి తాటాకుల చాటున నోట్లో గౌను కుక్కుకుని నవ్వుతోంది. కూర్మమ్మ జవాబు కోసం చెవి అటు పెట్టి నిలబడే ఉంది.

మా మేనమామ గణపతిరావు లేచాడు. నాలుగు పడవల ఆసామి. ఊళ్ళో తగువులన్నీ ఆయనే తీరుస్తాడు, సగం ఆయనే పెడతాడు.

"ఏటే పిల్లా, ఎవలితో మాటలు?"

"పడవతో తాతా. పద్ధతి."

గణపతిరావు నవ్వలేదు. గడ్డం గోక్కున్నాడు. తిన్నగా మా ఇంటికి వచ్చి మా అమ్మ ముందు కూర్చున్నాడు. నాకు దారం కావలసి అప్పుడే నేనూ వెళ్ళాను.

"అప్పా, బర్మా ఎల్లినోలు మన పాత పద్ధతులన్నీ మూటగట్టుకుని ఎల్లిపోనారంటారు. నిజమే గావాల. పడవని పలకరించీ పద్ధతి మనకి ఉండీదేటి?"

మా అమ్మకి డెబ్బై నాలుగేళ్ళు. ఊళ్ళో పాత సంగతి ఏదైనా ఆవిడనే అడుగుతారు. తెలీదు అనడం ఆవిడకి అలవాటు లేదు.

"ఉండీది కాదేటి? మాయమ్మ రోజూ పలకరించీది. మీరే మర్సిపోనారు."

"నాకు గురుతు లేదే?"

"నువ్వప్పుడు పాలు తాగుతన్నావు."

గోడ వెనక శ్రావణి నవ్వు ఆగిపోయింది. నాకు వినబడింది.

మర్నాడు ఈశ్వరి కూతురు అనిత వాళ్ళ పడవ ముందు నిలబడింది. ఆ మర్నాడు నలుగురు. వారం తిరిగేసరికి పదకొండు మంది ఆడపిల్లలు స్నానాలు చేసి, బొట్లు పెట్టుకుని, వరసగా పడవల ముందు నిలబడి బాగున్నావా, కూడు తిన్నావా అని అరుస్తున్నారు. ఎవరి పడవ దగ్గర వాళ్ళ పిల్ల లేకపోతే ఆ ఇంట్లో గొడవ. పలకరించడం స్నానానికి ముందా తరవాతా అని సందేహం వచ్చి అనిత కూర్మమ్మనే అడిగింది. "తానం సేసినాకే," అని తీర్పు చెప్పింది కూర్మమ్మ. అక్కణ్ణుంచి ఊళ్ళో ఆడవాళ్ళు దాని దగ్గరికి రావడం మొదలైంది. సీమంతంలో ముత్తైదువలు ఎందరుండాలి, కొత్త పొయ్యి మీద ముందు ఏం వండాలి. పన్నెండేళ్ళ పిల్ల కాళ్ళు చాపుకుని కూర్చుని, కాసేపు ఆలోచించి చెప్పేది. మా అమ్మ పక్కనే కూర్చుని, "అవునవును, మాయమ్మ అలగే సేసీది," అనేది.

శ్రావణి నా పాకలోకి తుఫానులా వచ్చింది.

"పెద్నానా, ఆ పద్ధతి నాది! నాను కనిపెట్టినాను! ఊరంతా దాన్ని పొగుడుతన్నారు!"

నేను తల ఊపాను.

"మామ్మకి వాల్లమ్మ గురుతు రావడమేటి? అది నా బుర్రలోంచి వచ్చినాది కదా!"

మళ్ళీ ఊపాను. నిజం చెబితే కాకులు, తలకాయలు, జడలు, చెప్పులు అన్నీ బయటికొస్తాయి. వాళ్ళమ్మ చేతి చీపురూ వస్తుంది. ఆ సంగతి శ్రావణికి నాకన్నా బాగా తెలుసు. ఒక వల కొస పట్టుకుని కాసేపు పీకి, వెళ్ళిపోయింది.

మే నెలాఖరున ఒకరోజు మధ్యాహ్నం కూర్మమ్మ నా పాక వెనక్కి వెళ్ళింది. అక్కడ పాత ఉప్పుకొట్టు గోడ ఒకటుంది, ఎవరూ అటు పోరు. చాలాసేపటికీ రాకపోతే నేను వెళ్ళి చూశాను. గోడ మీద చేతి గుర్తులు. పసుపువి కొన్ని, బురదవి కొన్ని, ఒకటి ఇంజను ఆయిలుది. యాభైకి పైనే ఉంటాయి. కిందివి చిన్నవి. పైకి పోయేకొద్దీ పెద్దవి. మొదట్లో వేళ్ళు అతుక్కుపోయి, రంగు కారిపోయి ఉన్నాయి. చివరి వరస తీరుగా, విడివిడిగా, అచ్చు వేసినట్టు ఉన్నాయి.

కూర్మమ్మ అన్నిటికన్నా పైనున్న గుర్తు మీద తన చెయ్యి పెట్టి ఉంది. దాని వేళ్ళు ఆ గుర్తు కన్నా అర అంగుళం పొడుగు. నన్ను చూసి చెయ్యి తీసేసింది.

"ఎవలివి పెద్నానా?"

"శ్రావణివి."

"ఎప్పుట్నుంచి?"

"మూడేల్లు."

"దేనికి?"

పడవ పద్ధతి చెప్పాను. అందులో కనిపెట్టింది ఏమీ లేదు కాబట్టి పొట్టిగానే అయిపోయింది. ఈసారి అది "అలగా?" అనలేదు. గోడ వంక చూసుకుంటూ చెయ్యి గౌనుకి తుడుచుకుని వెళ్ళిపోయింది.

జూన్ పన్నెండున సాలూరు లారీ మీద కొత్త పడవ వచ్చింది. నీలం రంగు, ముక్కు మీద తెల్ల పట్టీ. శ్రావణి దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, ఆ తెల్ల పట్టీ కింద ఒకచోట వేలితో తాకి, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసింది. ఆ మూడు రోజులూ కొత్త పద్ధతి ఒక్కటీ కనిపెట్టలేదు. కూర్మమ్మ జడలు వేస్తుంటే వద్దంది. తలకాయ వేస్తే తిరిగి దాని కంచంలోనే వేసేసింది. వాళ్ళమ్మ నుదురు తాకి చూసి, జ్వరం లేదంది.

పదిహేనో తారీకు పొద్దున్న, నిషేధం ఎత్తేసిన రోజున, పడవని నీళ్ళ అంచు దాకా దొర్లించాం. గంగమ్మకి కొబ్బరికాయ, అరటిపళ్ళు, సాంబ్రాణి. ఊరంతా వచ్చింది. పదకొండు మంది ఆడపిల్లలు కొత్త పడవని బాగున్నావా, కూడు తిన్నావా అని ఒక్క గొంతుతో పలకరించారు. గణపతిరావు తడిపిన పసుపు పళ్ళెం పట్టుకుని, "పెద్దపిల్లని రమ్మను," అన్నాడు.

మా అమ్మ కూర్మమ్మ వీపు మీద చెయ్యి వేసి ముందుకి తోసింది.

అరుణశ్రీ ఊరుకోలేకపోయింది. "అత్తా, శ్రావణి మూడేల్ల నుంచి కాసుకుని ఉన్నాది."

"నాకు తెల్దేటి? పద్ధతి పద్ధతే. వయసులో ఏది పెద్దో అదే ఎయ్యాల."

"పోనీ ఇద్దరూ ఎయ్యండి," అన్నాడు ధనరాజు.

"రెండు సేతులేటిరా?" అంది మా అమ్మ. "రేపు ఊరోలు ఏ పేరున పిలవాల? రెండూ కలిపీసి కూర్మశ్రావణి అనాలేటి?"

అందరూ నవ్వారు. శ్రావణి నవ్వలేదు. పొద్దున్నే సబ్బుతో రెండుసార్లు కడుక్కున్న కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని, పిడికిలి బిగించి నిలబడింది. ఏడిస్తే బాగుండేది, అలవాటే కాబట్టి ఎవరో ఒకరు ఊరుకోబెట్టేవాళ్ళు. ఏడవలేదు.

గణపతిరావుకి పళ్ళెం బరువెక్కింది. "ఒలప్పా, మనలో మనకి దెబ్బలాటేటి? పాత పద్ధతులన్నీ ఆ పిల్ల కాడే ఉన్నాయి కదా, దాన్నే అడుగుదాం. సెప్పవే కూర్మమ్మా. మీ కాడ పడవ మీద సెయ్యి ఎవలేస్తారు?"

కూర్మమ్మ పడవ వంక చూసింది. వెనక దాచిన శ్రావణి చెయ్యి వంక చూసింది.

"పెద్దపిల్లే ఎయ్యాల తాతా."

శ్రావణి తల వాలిపోయింది.

"అయితే మా కాడ పెద్దపిల్లంటే వయసుని బట్టి కాదు," అంది కూర్మమ్మ. "గడప లోపలికి ముందు వచ్చినోలే పెద్ద. ఎనక వచ్చినోలు ఎంత వయసున్నా సిన్నే."



"అదేటే?" అన్నాడు గణపతిరావు.

"మా తాతమ్మకి ఒక తోడికోడలు ఉండీది తాతా. వయసులో తాతమ్మకన్నా ఆరేల్లు పెద్ద. అయినా ఎనకొచ్చినాదని తాతమ్మనే అప్పా, అప్పా అని పిలిసీది. సచ్చిపోయీదాకా అలగే పిలిసినాది."

ఊరంతా మా అమ్మ వైపు తిరిగింది. మా అమ్మ బుగ్గ మీద వేలు పెట్టుకుంది. నెలన్నర పాటు ఆ పిల్ల చెప్పిన ప్రతి పద్ధతీ గుర్తు చేసుకున్న మనిషి. ఇప్పుడు ఇదొక్కటీ గుర్తు లేదంటే వెనకవన్నీ ఏమవుతాయి?

"అవునవును," అంది నెమ్మదిగా. "ఉండీది. మాయమ్మ కూడా సెప్పీది."

"నానప్పుడు పాలు తాగుతన్నాను గావాల," అన్నాడు గణపతిరావు. పళ్ళెం శ్రావణి ముందు పెట్టాడు.

శ్రావణికి వెంటనే అర్థం కాలేదు. వాళ్ళమ్మ వెనక నుంచి ఒక్క పొడుపు పొడిచింది. పసుపులో చెయ్యి ముంచింది, విదిల్చింది, తెల్ల పట్టీ కింద ముందే చూసి పెట్టుకున్న చోట వేళ్ళు విప్పి ఆనించింది. మూడు లెక్కపెట్టి తీసింది. ఒక్క చుక్క కారలేదు.

"శ్రావణి పడవ!" అని అరిచాడు ఎవరో. కొబ్బరికాయ పగిలింది. భుజాలు పెట్టి తోశాం. పడవ కెరటం మీదకెక్కి తల ఊపింది. శ్రావణి మోకాలి లోతు నీళ్ళలో పసుపు చెయ్యి పైకెత్తి నిలబడి, తడిసినది కూడా చూసుకోకుండా నవ్వుతోంది.

అందరం నీళ్ళలోంచి పైకొచ్చాక కూర్మమ్మ మా అమ్మ కొంగు పట్టుకుంది.

"మామ్మా, మరి పెద్దపిల్ల పనులు?"

"ఏ పనులే?"

"కాకుల్ని తోలడం. సిన్నపిల్లకి రెండు జడలెయ్యడం, కుదరకపోతే ఇప్పి మల్లీ ఎయ్యడం. బిందె మొయ్యడం. సేప తలకాయ సిన్నపిల్లకి ఇయ్యడం." ఒక్కొక్క వేలే మడిచింది. "ఆఁ, సెప్పులు. సిన్నపిల్ల సెప్పులు సేత్తో పట్టుకుని రావడం. ఇన్నాల్లూ తెల్వక నాను సేసీసినాను."

"మరి? పెద్దపిల్ల సెయ్యకపోతే ఎవలు సేస్తారు?" అంది మా అమ్మ. "శ్రావణీ, ఇన్నావా?"

శ్రావణి మొహంలో నవ్వు కొసల నుంచి కరిగింది. నా వంక చూసింది. ఆ పద్ధతులు ఎక్కడ పుట్టాయో ఆ ఒడ్డున తనకి తెలుసు, నాకు తెలుసు. నేను నోరు విప్పితే చాలు. కానీ నాకు చెబితే వలకి చెప్పినట్టేనని అన్నది తనే. నేను వల చూసుకున్నాను.

కూర్మమ్మ తన చెప్పులు విప్పి, జత చేసి, శ్రావణి ముందు ఇసక మీద పెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం ఎండ బాగా ఉంది. నా పాక నీడలో కూర్మమ్మ కూర్చుని బుగ్గలకి కొత్త పూత ఆరబెట్టుకుంటోంది. రెండు జడలు, ఒకటి పైకి, ఒకటి కిందికి. ఒడిలో పళ్ళెం, పళ్ళెంలో కోనాం చేప తలకాయ. ఎండలో నెత్తళ్ళ దగ్గర శ్రావణి కర్ర పట్టుకుని ఉంది.

నేను ఎవరినీ ముందుగా అడగను. ఆ రోజు అడిగాను.

"నిజంగా ఉన్నాదేటే ఆ పద్ధతి మీ కాడ?"

"ఏది పెద్నానా? గడప పద్ధతా, పడవని కూడు తిన్నావా అని అడిగీ పద్ధతా?"

నా చేతిలో ముడి వదులైంది. అది తలకాయలోంచి కన్ను తీసి చప్పరించింది.

"సెప్పులు మోసీ పద్ధతి ఎక్కడుంటాది పెద్నానా? మాయన్న కూడా నాకు ఇలగే సెప్పీవోడు. సిన్నపిల్లలు ఆదివారం నాడు అన్నల కాల్లు పట్టాలంట. రెండేల్లు పట్టీసినాను."

పళ్ళెం వంక చూస్తూ కూర్చుంది. నేను వదులైన ముడి మళ్ళీ బిగించాను. నెత్తళ్ళ మీదకి ఒక కాకి వాలింది, వెనకే రెండు.

"అప్పా!" అని అరిచింది కూర్మమ్మ. ఒడ్డు చివరి దాకా వినబడింది. "అప్పా, కాకులు!"

శ్రావణి కర్ర ఎత్తి పరిగెత్తింది. కర్ర పట్టుకున్న చెయ్యి ఇంకా పసుప్పచ్చగానే ఉంది, నిన్నటి నుంచి కడుక్కోలేదు. కాకుల్ని తోలి, రొప్పుతూ, నడుం మీద చెయ్యి పెట్టుకుని మా పాక వైపు తిరిగింది.

"ఒలే సిన్నదానా! నాకు ఇంకో పద్ధతి గురుతొచ్చినాది. సిన్నపిల్ల సెయ్యాల్సింది!"

"అలగా?" అంది కూర్మమ్మ.